రంగు వేయని చోటు

వఫ్రాలో గడ్డి చేను గుండ్రంగా ఉంటుంది.
మధ్యలోంచి ఇనుప కాళ్ళ యంత్రం
గడియారం ముల్లులా తిరుగుతూ నీళ్ళు చల్లుతుంది.
ముల్లు వెనకాలే నేను, చెంగల్రాయుణ్ణి,
పూడుకుపోయిన నాజిళ్ళు పీకి, ఊది, మళ్ళీ బిగిస్తూ
పదకొండేళ్ళుగా ఇదే టైము చూస్తున్నాను.

మార్చి నెలాఖర్లో, దుమ్ముగాలి ఆగిన తెల్లారి
తడికీ పొడికీ నడుమ గీత మీద
మట్టిపెళ్ళలు కదిలాయి.
దగ్గరికి పోతే పెళ్ళలకు కళ్ళున్నాయి.
ఇసక రంగు వీపు, మెడకు రెండు పక్కలా
దిష్టిచుక్కంత నలుపు.
నడక మాత్రం అప్పులోణ్ణి చూసిన మనిషి నడక:
కాస్త పరుగు, ఆగడం, నేలకు అంటుకుపోవడం.

మా ఊళ్ళో వీటికి పేరు పెట్టినవాళ్ళు లేరు.
చెనిక్కాయ పీకేసిన చేలల్లో, మాఘమాసం ఎండలో
గుప్పుమని లేచేవి, గుప్పుమని వాలేవి.
"దుమ్ము లేసిందిరా" అనేవాడు మా చిన్నాయన.
దుమ్ముకి పేరెందుకు?

పేరు హెస్సా చెప్పింది.
యూనివర్సిటీ పిల్ల. అబాయా అంచుకు పల్లేరుకాయలు,
మెడలో బైనాక్యులర్,
శుక్రవారాలు మా బూ ఫహద్ చేలో పిట్టల్ని లెక్కపెట్టుకుంటుంది.
ఆమె అరబ్బీని నా వచ్చీరాని తెలుగులోకి దించుకుంటే
పొట్టివేళ్ళ భరతపిట్ట.

ఫోన్లో పటం చూపించింది.
మొరాకో నుంచి కజక్ మైదానాల దాకా పసుపు: గుడ్లు పెట్టే నేల.
సహారా కింద ఒక నీలం పట్టీ,
మన దేశం మీద ఒక నీలం ముద్ద: చలికాలపు విడిది.
వేలితో కువైట్‌ను పెద్దది చేశాను.
ఏ రంగూ లేదు.
"ఇక్కడ?"
"ఇక్కడ ఉండవు. దాటిపోతాయి."
"ఎదురుగ్గా నిలబడి ఉండాయి గదా!"
నవ్వి, పుస్తకంలో రాసుకుంది: నూట పద్నాలుగు.

అంతరించిపోతాయా అంటే తల అడ్డంగా ఊపింది.
ప్రపంచం మొత్తమ్మీద వీటి గడిలో
'పెద్దగా దిగులు అక్కర్లేదు' అని రాశారట.
స్పెయిన్ వైపు మాత్రం తగ్గుతున్నాయట,
బీళ్ళు పోయి, దుక్కుల తీరు మారి.
దిగులు అక్కర్లేదని ఎవరు రాస్తారు, ఏ ఆఫీసులో?
నేను ఇంటికి ఫోన్లో చెప్పే మాట అది.

(ఒకటి చెప్పాలి:
నన్నూ పిట్టనూ ఒకే పలుపుతో కట్టొద్దు.
మొఫిజుల్ అప్పుడే కట్టేసి
"మనమూ అంతే భాయ్" అని కళ్ళొత్తుకున్నాడు.
పిట్టకు కఫీలు లేడు, ఇఖామా లేదు.
పిడికెడు విత్తనాలకు మించని ఒళ్ళు
ఏ ఏజెంటుకూ రూపాయి కట్టకుండా సముద్రం దాటుతుంది.
నేను విమానంలో కిటికీ దించుకుని నిద్రపోయాను.)

రెండో శుక్రవారం ముందురాత్రి
ఖర్జూరం వరస అవతల పిట్ట కూస్తోంది.
ఒకటే ముక్క, ఊపిరి తీసుకోకుండా, రెండున్నర దాకా.
బతికున్నదేదీ అట్లా పాడదు.
టార్చితో పోతే ఒక డబ్బా స్పీకరు,
దాని ముందు గాలికి తప్ప ఎవరికీ కనబడని వల.
పదిహేడు వేలాడుతున్నాయి.
ముడులు విప్పే సన్నం నా వేళ్ళకు లేదు,
గడ్డి కొడవలితో కోశాను.
అయిదు ఎగిరిపోయాయి. ఆరోది
అరచేతిలో కాసేపు ఉండిపోయింది,
ఇసక అడ్డంపడిన నాజిల్లో నీళ్ళలా
గుండె నా బొటనవేలి కింద తన్నుకుంటూ.
తర్వాత అదీ పోయింది.

వల ఎవరిదో తెలుసు. చెప్పను.
నాకు ఇఖామా ఉంది.

పొద్దున హెస్సా "ఎన్ని?" అంది.
దాణా సంచి విప్పి పదకొండూ చూపించాను.
ఆమె కాగితంలో బతికినవాటికే గడి ఉంది.
అంచున, గీతకు బయట, పెన్సిలుతో వేసింది.

యంత్రం చుట్టు తిరిగి వచ్చింది.
తడి గీత మీద ఈసారి పెళ్ళలు పెళ్ళలే.
ఆ పటం నా ఫోన్లో ఇంకా ఉంది.
కువైట్ మీద తడివేలు పెడితే
తెర కాస్త మసకేసి
ఆరిపోతుంది.